జపాన్ యానిమేషన్ ఫాంటసీలు: మొదట ఏది చూడాలి, ఎవరితో చూడాలి

మా అక్క కొడుక్కి ఆరేళ్లున్నప్పుడు నేనొక తప్పు చేశాను. నాకు ప్రాణమైన సినిమా కదా అని వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని 'ప్రిన్సెస్ మోనోనోకే' పెట్టాను. మొదలైన కాసేపటికే చెట్ల మధ్యలోంచి ఓ పెద్ద అడవిపంది దూసుకొస్తుంది. దాని ఒళ్లంతా నల్లటి పురుగులు పాముల్లా మెలికలు తిరుగుతుంటాయి. వాడు నా చున్నీ లాక్కుని ముఖం కప్పేసుకున్నాడు. ఇంకాసేపటికి హీరో వేసిన బాణానికి ఒక సైనికుడి చేతులు తెగిపడ్డాయి. అక్క వంటింట్లోంచి వచ్చి టీవీ కట్టేసింది. ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు, జపాన్ బొమ్మల సినిమా అన్న మాట వినపడితే చాలు, వాడు లేచి వెళ్లిపోయేవాడు.

ఆ సినిమాలో లోపమేమీ లేదు. ఎవరికి ఏది చూపించాలో నేను ఆలోచించలేదు, అంతే. అప్పటినుంచి నన్నెవరైనా "జపాన్ యానిమేషన్ సినిమాలు చూద్దామనుకుంటున్నాం, దేనితో మొదలుపెట్టాలి?" అని అడిగితే, అన్నిటికన్నా గొప్పది ఏదో చెప్పడం మానేశాను. ముందు మూడు సంగతులు అడుగుతాను. మీ పక్కన ఎవరు కూర్చుంటారు? వాళ్లు ఎంత భయాన్ని, ఎంత దిగులును తట్టుకోగలరు? తెరమీద ఏమీ జరగకపోయినా ఎంతసేపు కదలకుండా చూడగలరు?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మన సినిమాల్లో ప్రతి ఐదు నిమిషాలకూ పాటో, ఫైటో, కామెడీనో వస్తుంది. ఈ సినిమాల్లో ఒక పిల్ల వానలో గొడుగు పట్టుకుని బస్సు కోసం నిలబడుతుంది. చాలాసేపు అంతే. దీన్ని జపనీస్‌లో 'మా' అంటారు. రెండు చప్పట్ల మధ్య ఉండే ఖాళీ లాంటిదని దర్శకుడు హయావో మియజాకి ఒక అమెరికన్ విమర్శకుడికి చప్పట్లు కొట్టి చూపిస్తూ వివరించాడు. ఆ ఖాళీ నచ్చినవాళ్లకు ఈ సినిమాలన్నీ నచ్చుతాయి. నచ్చనివాళ్లకు కూడా దారి ఉంది, కాకపోతే అది వేరే దర్శకుడి దగ్గర మొదలవుతుంది.

పేరు గురించి ఒక చిన్న మాట. 2025 మార్చిలో అందరూ తమ ఫొటోలను ఏఐతో బొమ్మలుగా మార్చుకున్నప్పుడు 'ఘిబ్లీ' అన్న మాట మన ఊళ్లకూ వచ్చింది. జపాన్‌లో దాన్ని 'జిబురి' అని పలుకుతారు. 1985లో మియజాకి, ఇసావో తకాహత, నిర్మాత తోషియో సుజుకి కలిసి పెట్టిన స్టూడియో అది. ఆ ఫొటోలు చూసి ఇదంతా లేత రంగుల్లో ముద్దుగా ఉండే లోకం అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి అక్కడ చేత్తో ఒక్కో బొమ్మా గీశారు. 'పోన్యో' ఒక్కదానికే దాదాపు 1,70,000 బొమ్మలు వేశారు. అందులో సముద్రపు అల ఎగసినప్పుడు గీసిన చెయ్యి కనిపిస్తుంది.

టోటోరోనా, స్పిరిటెడ్ అవేనా?

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. రెండూ మియజాకి తీసినవే. 'మై నైబర్ టోటోరో' 1988లో వచ్చింది, నిడివి 86 నిమిషాలు. 'స్పిరిటెడ్ అవే' 2001లో వచ్చింది, 125 నిమిషాలు. రెండోదానికి 2002 బెర్లిన్ ఉత్సవంలో గోల్డెన్ బేర్, మరుసటి ఏడాది ఆస్కార్ వచ్చాయి. అందుకే ఎవరినడిగినా దాని పేరే చెబుతారు. నేను మాత్రం ఇంట్లో తొమ్మిదేళ్ల లోపు పిల్లలుంటే టోటోరో అనే అంటాను. అందులో రెండో మాట లేదు.

టోటోరోలో కథ ఇంతే. 1950ల నాటి జపాన్. అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆవిడకు దగ్గరగా ఉండాలని నాన్న ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని పల్లెలో ఒక పాత ఇంటికి మారతాడు. పెద్దది సత్సుకి, చిన్నది మే. ఇంటి పక్కన పెద్ద చెట్టు, ఆ చెట్టులో బొద్దుగా, బొచ్చుతో, నిద్రమత్తులో ఉండే ఒక జీవి. విలన్ లేడు. ఎవరూ ఎవరినీ కొట్టరు. మొదటి అరగంటలో పిల్లలు ఇల్లు ఊడుస్తారు, మెట్లెక్కి దిగుతారు, చీకటి గదిలో మసి ఉండలు పారిపోతుంటే చూసి కేకలు పెడతారు. పెద్దవాళ్లకు ఇక్కడే ఓపిక తగ్గుతుంది. పిల్లలకు తగ్గదు, ఎందుకంటే కొత్త ఇంట్లో దిగినప్పుడు వాళ్లు చేసే పనులే అవి.

ఆ చెట్టు గురించి కాసేపు చెప్పాలి. అది కర్పూరం చెట్టు. మనం హారతి ఇచ్చే కర్పూరాన్ని మొదట ఆ జాతి చెట్ల నుంచే తీసేవారు. సినిమాలో ఆ మానుకు గడ్డితో పేనిన తాడు చుట్టి ఉంటుంది. అక్కడ దైవం ఉందని గుర్తు. మన రావిచెట్టు చుట్టూ పసుపు దారం చూసినవాళ్లకు దీని గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నాన్న పిల్లల్ని ఆ చెట్టు ముందుకు తీసుకెళ్లి, వంగి దండం పెట్టించి, మా పాపను చూసుకున్నందుకు థ్యాంక్స్ అని చెబుతాడు. జపాన్ గురించి ఏమీ తెలియని మా అమ్మ ఆ సీన్ దగ్గర పూలు కట్టడం ఆపి తలెత్తి చూసింది.

ఒక్క విషయం ముందే తెలుసుకోండి. అందులో నాన్న, ఇద్దరు కూతుళ్లు కలిసి ఒకే తొట్టిలో స్నానం చేసే సీన్ ఉంటుంది. జపాన్ ఇళ్లలో అది మామూలు అలవాటు. ముందే తెలిస్తే ఇబ్బంది అనిపించదు.

స్పిరిటెడ్ అవే అలా నెమ్మదిగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లదు. పదేళ్ల చిహిరో అమ్మానాన్నలతో కారులో కొత్త ఊరికి వెళుతుంది. దారి తప్పుతారు. ఎవరూ లేని హోటల్లో వేడి వేడి తిండి కనిపిస్తే, అమ్మానాన్నలు అడగకుండా కూర్చుని తినేస్తారు. చీకటి పడేసరికి ఇద్దరూ పందులైపోతారు. ఆరేడేళ్ల పిల్లలకు దీనికన్నా పెద్ద భయం ఉండదు. తర్వాత రక్తం కారుతున్న డ్రాగన్, పనివాళ్లను మింగేసే ముఖం లేని నీడ కూడా వస్తాయి. అదే పదేళ్లు దాటిన పిల్లలకైతే ఈ భయమే సినిమాకు ప్రాణం. మియజాకి దీన్ని తనకు తెలిసిన ఇళ్లలోని పదేళ్ల అమ్మాయిలను మనసులో పెట్టుకుని తీశాడు. చిహిరోకు మంత్రశక్తి ఏమీ రాదు. ఆమె పని అడిగి తెచ్చుకుంటుంది, నేల తుడుస్తుంది, పేరు పోగొట్టుకుని మళ్లీ గుర్తు తెచ్చుకుంటుంది.

ఆ పని చేసే చోటు దేవుళ్లు స్నానానికి వచ్చే స్నానశాల. జపాన్‌లో దేవుళ్లను ఎనభై లక్షల మంది అంటారు. మనం ముక్కోటి దేవతలు అన్నట్టే అది లెక్క కాదు, లెక్కలేనంత అని. ముల్లంగి దేవుడు, కోడిపిల్లల్లాంటి దేవుళ్లు, ఒక రాత్రి బురద, కంపుతో వచ్చే ఇంకో దేవుడు. చిహిరో ఆయన ఒంట్లో గుచ్చుకున్నదేదో పట్టి లాగితే సైకిలు బయటికొస్తుంది, దాని వెనకే కుప్పలకొద్దీ చెత్త. అప్పుడు తెలుస్తుంది, ఆయన ఒక నది. మియజాకి తన ఇంటి దగ్గర నదిని శుభ్రం చేసినప్పుడు నిజంగానే ఒక సైకిలు బయటపడిందట, ఈ సీన్ అక్కడినుంచే పుట్టింది. మూసీ పక్కన పెరిగిన నాకు ఈ సీన్ చూసిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

కాబట్టి తొమ్మిదేళ్ల లోపు పిల్లలుంటే, లేదా ఇంట్లో మూడు తరాలు కలిసి చూస్తుంటే టోటోరో. పదేళ్లు దాటిన పిల్లలతో అయితే, లేదా పెద్దవాళ్లు ఒంటరిగా చూస్తుంటే స్పిరిటెడ్ అవే. టోటోరో చూసిన ఆర్నెల్లకు స్పిరిటెడ్ అవే చూడొచ్చు, వరస బాగుంటుంది. తిరగేస్తే పిల్లలకు టోటోరో చప్పగా అనిపిస్తుంది, అదే బాధ.

నాలుగైదేళ్ల పిల్లలకు టోటోరో కూడా నెమ్మది అనిపిస్తే 2008 నాటి పోన్యో చూపించండి. మనిషి కావాలనుకునే చేపపిల్ల కథ. సునామీ లాంటి అల వస్తుంది కానీ ఎవరికీ ఏమీ కాదు. ఇంట్లో పదమూడు, పద్నాలుగేళ్ల అమ్మాయి హాస్టల్‌కు వెళ్లబోతుంటే 1989 నాటి 'కీకీస్ డెలివరీ సర్వీస్' కన్నా మంచి ఎంపిక నాకు తెలియదు. పదమూడేళ్లు రాగానే మంత్రగత్తె పిల్ల ఇల్లు వదిలి కొత్త ఊళ్లో ఏడాది బతకాలి. చీపురు మీద పార్సిళ్లు అందించి పొట్ట పోసుకుంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి ఎగరలేకపోతుంది. కారణం ఎవరూ చెప్పరు. చదువుల టెన్షన్‌లో ఉన్న పిల్లలు ఆ అరగంటను ఎవరూ వివరించకుండానే అర్థం చేసుకుంటారు.

మియజాకీయా, షింకాయా?

కాలేజీ వయసువాళ్లు అడిగితే నా జవాబు మారుతుంది. 'ఏమీ జరగని' నిమిషాలు భరించలేం అనేవాళ్లు దర్శకుడు మకోతో షింకాయ్‌తో మొదలుపెట్టాలి. 2016లో వచ్చిన 'యువర్ నేమ్' 106 నిమిషాలు. పల్లెటూరి అమ్మాయి, టోక్యో అబ్బాయి నిద్ర లేచేసరికి ఒకరి ఒంట్లో ఒకరు ఉంటారు. ఫోన్లో డైరీ రాసుకుని ఒకరికొకరు కబుర్లు చెప్పుకుంటారు. రాడ్‌వింప్స్ బృందం పాటలు కథను పరిగెత్తిస్తాయి. సగం దాటాక ఒక తోకచుక్క వస్తుంది. అక్కడినుంచి గుండె అరచేతిలో పెట్టుకుని చూడాలి. ప్రేమ, విరహం, జ్ఞాపకం, పాటలు అన్నీ మనకు అలవాటైన దినుసులే.

మన దేశానికీ షింకాయ్‌కీ ఒక బంధం కూడా ఉంది. ఆయన తర్వాతి సినిమా 'వెదరింగ్ విత్ యు'ను ఇక్కడి థియేటర్లలో వేయాలని అభిమానులు వేల సంతకాలతో ఆన్‌లైన్ పిటిషన్ పెట్టారు. 2019 అక్టోబరులో అది నిజంగానే విడుదలైంది. 2023లో 'సుజుమే' విడుదలైనప్పుడు ఆయనే స్వయంగా మన దేశానికి వచ్చాడు.

ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే నా మనసు మియజాకి వైపే. షింకాయ్ ఆకాశాన్ని, వాన చినుకును, రైలు కిటికీలో వెలుతురును గీసినంత అందంగా ఇంకెవరూ గీయలేదు. కానీ ఆయన కథలో మనుషులు అప్పుడప్పుడు ఆ ఆకాశం కింద చిన్నబోతారు. మియజాకి మనుషులు కోడిగుడ్డు వేయించినా, బూట్లు తొడుక్కున్నా వాళ్ల స్వభావం తెలుస్తుంది. ఇరవై ఏళ్ల వయసులో నేను ఈ మాట ఒప్పుకునేదాన్ని కాదు. అప్పుడు యువర్ నేమ్ చూసి ఉంటే రాత్రంతా నిద్ర పట్టేది కాదు. ఏ వయసులో ఏది చూస్తామన్నది చిన్న విషయం కాదు.

రెండు జాగ్రత్తలు. యువర్ నేమ్ మొదట్లో అబ్బాయి, అమ్మాయి ఒంట్లో లేచినప్పుడు ఒక జోకు పదే పదే వస్తుంది. హాల్లో నాన్నగారితో, మావయ్యలతో కూర్చుని చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. సుజుమే వెనక 2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీ ఉన్నాయి. అమ్మను పోగొట్టుకున్న అమ్మాయి కథ అది. ఈమధ్యే ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, ఇంకొన్నాళ్లు ఆగి చూడండి.

అమ్మానాన్నలు పిల్లలు పడుకున్నాక చూసుకోవాల్సినవి

మమోరు హోసోద పేరు ఇక్కడ తక్కువ వినపడుతుంది. ఆయన తీసిన 'వుల్ఫ్ చిల్డ్రన్' 2012లో వచ్చింది. తోడేలు మనిషిని ప్రేమించి అతనితో కాపురం పెట్టిన ఒక అమ్మాయి, అతను పోయాక ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుతుంది. పిల్లలకు కోపమొస్తే తోడేళ్లవుతారు. బిడ్డ తినకూడనిదేదో మింగేస్తే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలా, పశువుల డాక్టర్ దగ్గరికా అని రోడ్డు మీద నిలబడిపోయిన ఆ తల్లిని చూసి నవ్వు, ఏడుపు రెండూ వస్తాయి. ఫాంటసీ పేరు చెప్పి ఇది మామూలు తల్లి కష్టాన్ని చూపిస్తుంది. అక్కకు నేను చూపించిన సినిమాల్లో ఆమె రెండోసారి తనంతట తాను పెట్టుకుని చూసింది ఇదొక్కటే. రెండో బిడ్డ పుట్టిన ఇంట్లో, పెద్దవాడు అలిగి అల్లరి చేస్తుంటే, ఆయనదే 2018 నాటి 'మిరాయి' సరిపోతుంది. నాలుగేళ్ల పిల్లాడి అలకలు ఎంత విసుగు తెప్పిస్తాయో అంతా అందులో ఉంది, కాబట్టి కొంచెం ఓపిక కావాలి.

మోనోనోకే నా ప్రాణమని చెప్పాను కదా. 1997లో వచ్చింది, 134 నిమిషాలు. పదిహేనేళ్లు దాటినవాళ్లు, అడవి, గని, కొలిమి, ఊరు అనే గొడవ మీద ఆలోచన ఉన్నవాళ్లు దీనితోనే మొదలుపెట్టినా తప్పులేదు. మన జానపద సినిమాల్లో మాంత్రికుడు చస్తే కథ అయిపోతుంది. ఇక్కడ చంపాల్సిన మనిషే దొరకడు. అడవిని నరికిస్తున్న ఎబోషీ దొరసాని ఎవరూ ముట్టుకోని కుష్టురోగులకు అన్నం పెట్టి, పని ఇచ్చి కాపాడుతుంది. అమ్ముడుపోయిన ఆడవాళ్లను విడిపించి కొలిమి దగ్గర పని ఇస్తుంది. ఆమెను ద్వేషించాలని కూర్చుంటాం, కుదరదు. తోడేళ్ల మధ్య పెరిగిన సాన్‌దీ న్యాయమే. మధ్యలో నిలబడ్డ హీరో అషితాకకు, ఎవరి పక్షమూ చేరకుండా కళ్లు విప్పి చూడటమే పని.

పెద్దవాళ్లతో చూడాలంటే

తాతయ్య, నానమ్మ ఉన్న ఇంట్లో రెండు దారులు. తకాహత 2013లో తీసిన 'ది టేల్ ఆఫ్ ది ప్రిన్సెస్ కగుయా' వెదురులో దొరికిన పాప కథ. వెదురు కొట్టేవాడి కథగా జపాన్‌లో పదో శతాబ్దం నాటి నుంచీ చెప్పుకుంటున్నారు. నీటి రంగులతో, బొగ్గు గీతలతో, సగం తెల్ల కాగితం అలాగే వదిలేసినట్టు గీశారు. కగుయా పట్టుచీరల్లాంటి బట్టలు ఒక్కొక్కటే విసిరేసి రాత్రి వేళ ఊరు దాటి పరుగెత్తేటప్పుడు గీతలు కూడా చిందరవందర అవుతాయి. ఆడపిల్లకు మంచి సంబంధం చూడటమే సుఖమనుకున్న తండ్రి కథ కాబట్టి మన పెద్దవాళ్లకు లోపల ఎక్కడో తగులుతుంది. అయితే 137 నిమిషాలు, నడక నెమ్మది, ముగింపు దుఃఖం.

రెండోది 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ'. జపాన్ దర్శకుడు యూగో సాకో, మన యానిమేషన్ పితామహుడు రామ్ మోహన్ కలిసి చేసిన సినిమా. 1990ల మొదట్లో తయారై, చాలాకాలం టీవీలోనే తిరిగి, 2025 జనవరిలో థియేటర్లకు తెలుగులోనూ వచ్చింది. కథ అందరికీ తెలుసు, భాష మనది. జపాన్ గీతలకు పెద్దవాళ్ల కళ్లు అలవాటు పడటానికి ఇది మంచి మెట్టు. కళగా చూస్తే కగుయాది పైచెయ్యి. కానీ సబ్‌టైటిల్స్ చదవలేని నానమ్మకు నేను కగుయా చూపించను.

మొదటిసారికి పక్కన పెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. 2023లో వచ్చిన 'ది బాయ్ అండ్ ది హెరాన్' మియజాకి తన జీవితమంతా వెనక్కి చూసుకుంటున్నట్టు ఉంటుంది. ఆయన పాత సినిమాలు చూసినవాళ్లకే దాని బరువు తెలుస్తుంది. సతోషి కోన్ తీసిన 'పప్రికా' పెద్దలకు మాత్రమే. ఇక 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' ఘిబ్లీదే అయినా ఫాంటసీ కాదు, యుద్ధంలో ఆకలితో నలిగిన అన్నాచెల్లెళ్ల కథ. 1988 ఏప్రిల్ 16న దాన్ని టోటోరోతో కలిపి ఒకే టికెట్ మీద వేశారు. మీరు మాత్రం ఆ రెండూ ఒకే రాత్రి పెట్టుకోకండి.

భాష సంగతి

2020లో నెట్‌ఫ్లిక్స్‌కు 21 ఘిబ్లీ సినిమాలు వచ్చాయి, మన దేశంలోనూ చాలామంది అక్కడే చూశారు. హక్కులు చేతులు మారుతుంటాయి కాబట్టి చూసే రోజు ఎక్కడుందో వెతుక్కోండి. పెద్దవాళ్లయితే జపనీస్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఇంగ్లిష్ డబ్బింగ్ సినిమాల్లో నటన బాగానే ఉంటుంది, కానీ మాటలు లేని చోట మాటలు కలపడం ఒక అలవాటు. 1998 నాటి కీకీ డబ్బింగ్‌లో పిల్లి జీజీ చేత అసలులో లేని మాటలు చాలా పలికించారు, తర్వాత 2010లో వాటిలో కొన్ని తీసేశారు. నేను చెప్పిన 'మా' అనే ఖాళీ అలాంటి చోట్లే పోతుంది.

చదవడం రాని పిల్లలకు మా ఇంట్లో ఒక పద్ధతి కుదిరింది. జపనీస్‌లోనే పెట్టి, పక్కన కూర్చుని నేను తెలుగులో చెబుతాను. అన్ని మాటలూ చెప్పక్కర్లేదు. టోటోరోకు, పోన్యోకు పది మాటలకు ఒకటి చెప్పినా చాలు, మిగతాది బొమ్మ చెబుతుంది. స్పిరిటెడ్ అవేకు ఇది కుదరదు, మాటలు ఎక్కువ. అక్కడ ఇంగ్లిష్ డబ్బింగ్ తప్పదు.

అలాగే ఏడాది తర్వాత మా వాడికి టోటోరో చూపించాను. ముందే "ఇందులో ఎవరూ కొట్టుకోరు" అని ఒట్టేసి ఒప్పించాను. చివరిదాకా కదలకుండా చూశాడు. సినిమా అయిపోయి పేర్లు పడుతుంటే అలవాటు కొద్దీ టీవీ ఆపేశాను. వాడు పడుకునే ముందు వచ్చి, "పిన్నీ, వాళ్లమ్మ ఇంటికొచ్చిందా, ఆసుపత్రిలోనే ఉందా?" అని అడిగాడు. నాకూ గుర్తు లేదు. మళ్లీ పెట్టి చూశాం. పేర్లు పడేటప్పుడు పక్కన వచ్చే బొమ్మల్లో అమ్మ టాక్సీ దిగి ఇంటికొస్తుంది, పిల్లలతో కలిసి పడుకుని కథ చదువుతుంది. మీరు టోటోరో పెడితే పేర్లు పూర్తయ్యేదాకా టీవీ ఆపకండి.